మా నాయనమ్మకు పట్టిన మనాది

నా చిన్నప్పుడు తుర్కయంజాల్ ఇంకా పల్లెటూరే. ఆ ఏడు మా మేనత్త కాన్పులో చనిపోయింది. మా నాయనమ్మకు ఉన్నది ఆ ఒక్క ఆడపిల్లే. శవం దగ్గర కూడా నాయనమ్మ ఏడవలేదు. ఆ తర్వాత మాట మానేసింది, తిండి మానేసింది, పొద్దంతా గోడకు ఆనుకుని కూర్చునేది. మనాది పట్టింది, ఇక దక్కదు అన్నారు ఊరివాళ్లు. మనాది అంటే లోలోపలే మనిషిని తినేసే దిగులు. దానికి మా ఇంట్లో తెలిసిన మందు ఒక్కటే, మేనత్త పేరు ఎత్తకపోవడం. మా అమ్మ ఆమె చీరలను కూడా సందుగ పెట్టె అడుగున దాచేసింది.

ఒకనాడు అమ్మ నీళ్లకు పోయింది. పక్కింటి పెద్దమ్మ పాత బట్టలు తెచ్చుకుని, బొంత కుడతానని మా అరుగు మీద కూర్చుంది. నన్ను పిలిచి, మేనత్త చీర ఒకటి తెమ్మని చెవిలో చెప్పింది. దెబ్బలు పడతాయని తెలిసే తెచ్చాను. పెద్దమ్మ దాన్ని నాయనమ్మ కళ్లముందే పరిచి, అంచు లోపలికి మడిచి, వంకరటింకరగా కుట్టసాగింది.

చాలాసేపటికి నాయనమ్మ గొంతు వినపడింది.

"కండ్లు కనబడ్తలేవానే? అంచు లోపలికి పెడ్తరా?"

"నాకేడ వస్తది అత్తా కుట్టుడు? మా అత్త నన్ను తిట్టీ తిట్టీ సచ్చింది. ఎవరిదీ చీర?"

"నీకెరుక లేదా?"

"లేదు. నువ్వే చెప్పు."

నాయనమ్మ తన బిడ్డ పేరు చెప్పింది. చెప్పి, చీర గుంజుకుని, మొహానికి అదుముకుని, ఊరంతా వినపడేలా ఏడ్చింది. అమ్మ బిందె దించి ఉరికివచ్చింది.

"ముసలామెను ఎందుకు ఏడిపిస్తున్నవక్కా?"

"ఏడ్వనియ్యి. గిన్ని దినాలు మీరే ఆమె నోరు కట్టేసిండ్రు."

ఆ పూట నాయనమ్మ రెండు ముద్దల జొన్న గటక తిన్నది. దిగులు పోలేదు గానీ ప్రాణం నిలిచింది. పెద్దమ్మ రోజూ వచ్చి, మేనత్త గురించి ఏదో ఒకటి అడిగి పోయేది.

ఇదంతా కళ్లారా చూసిన నేనే, నిరుడు మా ఆయన పోయినప్పుడు నోరు మూసుకున్నాను. గట్టిదాన్నని పేరుంది కదా. ఎల్బీనగర్‌లో మా కొడుకు ఇంట్లో ఆయన చెప్పులు, కళ్లజోడు కనపడకుండా పోయాయి. నేను వస్తే మాట మారేది. నాకు అన్నం సయించలేదు. మా కోడలిది విజయవాడ; ఆమే పట్టుబట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో కౌన్సెలింగ్ చేసే ఆమె దగ్గరికి తీసుకుపోయింది. ముచ్చట పెట్టడానికి కూడా ఫీజా అని గొణుక్కుంటూనే పోయాను. ఆమె దీన్ని డిప్రెషన్ అన్నది. మా దిక్కు మనాది అంటాం అన్నాను. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా వచ్చిందా అని అడిగింది. అప్పుడు నాయనమ్మ సంగతి చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో కోడలు జంకుతూ అడిగింది.

"మావయ్యగారు ఎప్పుడైనా ఇది ఎక్కారా అత్తయ్యా?"

"ఒక్కసారి. గా నడిచే మెట్లకు భయపడి నా కొంగు పట్టుకున్నడు. నేనేమో అందరి ముందర కసిరిన."

ఎల్బీనగర్ వచ్చేదాకా ఏడ్చాను. కోడలు నా చేయి వదల్లేదు.

పరామర్శకు ఏ ఇంటికి పోయినా, పోయినవాళ్లను పేరు పెట్టి అడగడం పెద్దమ్మను చూసి నేర్చుకున్నాను. ఇన్నేళ్లూ అందరినీ అడిగాను. నన్ను ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం మాత్రం ఈ వయసులో నేర్చుకుంటున్నాను.