స్క్రీన్ ఆర్పి టైపు కొట్టిన ఆయమ్మ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని బడంతా చెప్పుకుంటారు. చెప్పుకోనీండి. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకి టైపింగ్ నేర్పుతున్నాను. "కీబోర్డు వంక చూడకుండా కొట్టండర్రా" అని రోజుకి నాలుగు పీరియడ్లు అరిచేదాన్ని శాంతంగా ఎలా ఉంటాను? చేతుల మీద తువ్వాలు కప్పి మరీ కొట్టిస్తాను. అయినా సరే, గడుగ్గాయిలు, అంచు ఎత్తి తొంగిచూస్తారు. అందులో అందరికంటే ముందుండేది మా ఆయమ్మ కూతురు.

ఆయమ్మ అంటే మా కంప్యూటర్ గది ఊడ్చి తుడిచే మనిషి. పదో తరగతితో చదువు ఆగిపోయింది. మొగుడు లారీ షెడ్డులో నడుం పాడుచేసుకుని ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఈవిడ ఇక్కడ పనిచేస్తోంది కాబట్టే కూతురికి ఫీజు లేకుండా చదువు. నేను పాఠం చెప్పేటప్పుడు వెనక కిటికీలు తుడుస్తూ ఉండేది. ఉలుకూ పలుకూ లేదు. నిజం చెప్పొద్దూ, ఆవిడ ముఖంలోకి నేను సరిగ్గా చూసింది కూడా తక్కువే.

ఒక సాయంత్రం బడి వదిలాక, కళ్ళజోడు మర్చిపోయానని వెనక్కి వచ్చాను. గదిలోంచి కీబోర్డు చప్పుడు వినపడి గుమ్మంలోనే ఆగిపోయాను. చూసి కొట్టేవాళ్ళ చప్పుడు నాకు బాగా తెలుసు. గబగబా నాలుగు కొడతారు, ఆగుతారు, వెతుక్కుంటారు, మళ్ళీ రెండు కొడతారు. ఇది అలా లేదు. కుట్టుమిషన్ నడిచినట్టు ఒకే తీరున సాగిపోతోంది. నా దగ్గర నేర్చుకున్న వందలమందిలో ఇలా కొట్టినవాళ్ళు ముగ్గురో నలుగురో. ఎవరబ్బా అనుకుంటూ తొంగిచూశాను.

ఆయమ్మ! వీపు నిటారుగా పెట్టి, చూపు ఎదురుగా నిలిపి కొట్టుకుపోతోంది. తీరా చూస్తే ఎదురుగా ఉన్నది నల్లటి స్క్రీన్. అసలు కంప్యూటరే వెయ్యలేదు.

"ఏం చేస్తున్నావ్?" అన్నాను. ఉలిక్కిపడి లేచింది.

"తప్పయిపోయింది టీచరమ్మా. కరెంటు వాడలేదు. ఒట్టి బటన్లే నొక్కుతున్నా."

"ఎన్నాళ్ళ నుంచి?"

"రెండేళ్ళవుతుంది. మీరు పిల్లలకి చెబుతుంటే వినేదాన్ని. ఏ వేలు ఎక్కడికెళ్ళాలో అంతా మీరు అరిచి చెబుతారుగా."

రెండేళ్ళు! తను కొట్టిన ఒక్క అక్షరమైనా కంటితో చూసుకోకుండా రెండేళ్ళు! కంప్యూటర్ వేసి, పాఠం పుస్తకం పక్కన పెట్టి కొట్టమన్నాను. మొదటి లైను తప్పు లేకుండా పడింది. అంతే, చేతులు ఆగిపోయాయి. స్క్రీన్ వంక నోరెళ్ళబెట్టి చూస్తూ కూర్చుంది.

"ఇవి నావేనా టీచరమ్మా?"

"మరి నావా? కొట్టు" అని కసిరాను.

ఆ నెలలోనే మా బడిలో పిడుగులాంటి వార్త పడింది. శుభ్రం చేసే పని బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారు, ఆయాలందరినీ తీసేస్తున్నారు. ఆఫీసులో మాత్రం ఒక టైపిస్టు పోస్టు ఖాళీ. బడిలో పనిచేసేవాళ్ళు ఎవరైనా పరీక్షకి కూర్చోవచ్చు. పది నిమిషాల్లో ఒక పేజీ కొట్టాలి. పేపర్లో ఎలా ఉంటే అలాగే కొట్టాలి, వెనక్కి వెళ్ళి దిద్దడానికి లేదు. నాలుగు తప్పుల దాకా ఫరవాలేదు, ఐదోది పడితే ఇంటికే.

"నువ్వు కూర్చుంటున్నావ్" అన్నాను.

"నేనేంటి టీచరమ్మా, అందరూ నవ్వుతారు."

"నవ్వితే పళ్ళు రాలగొడతా."

ఆ మూడు వారాలూ నా తల ప్రాణం తోకకొచ్చింది. స్క్రీన్ ఆర్పి ఉంటే ఆవిడ వేళ్ళకి ఎదురు లేదు. వెలిగిందా, తడబాటే. ఒక్కో అక్షరం పడటం చూడాలని కళ్ళు అటే పోయేవి, వేళ్ళు వెనకబడేవి. "పేపరు చూడవే తల్లీ, స్క్రీన్ మీద ఏముంది?" అని మొత్తుకునేదాన్ని. "ఏం చెయ్యను టీచరమ్మా, అందంగా ఉంటున్నాయి" అనేది. మళ్ళీ మొదట్నుంచి కొట్టించేదాన్ని.

పరీక్ష పేపరు హెడ్మాస్టరుగారు నన్నే తయారుచెయ్యమన్నారు. చేసి, కవర్లో పెట్టి ఇచ్చాను. ఆయమ్మకి చూపించలేదు, అంత గడ్డి తినను. పరీక్ష రోజు లైబ్రరీలో పనిచేసే ఆయన, బస్సు అటెండరు ముందు కూర్చుని చెరో పది తప్పులతో బయటపడ్డారు. తర్వాత ఆయమ్మ.

"కానివ్వమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు, గడియారం చూసుకుంటూ. రెండు లైన్లు కొట్టి ఆగిపోయింది. చూపు స్క్రీన్‌కి అతుక్కుపోయింది. ఇంతలో ఆవిడ చెయ్యి చాచి, స్క్రీన్ బటన్ నొక్కి ఆర్పేసింది.

"అదేంటమ్మా!" అన్నారాయన. ఆవిడ వింటేగా. పేపరు మీద కళ్ళు, కీబోర్డు మీద వేళ్ళు. మళ్ళీ అదే తీరు, అదే చప్పుడు. గదిలో అందరం ఆ చప్పుడే విన్నాం.

"టైమైపోయింది" అనగానే చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. స్క్రీన్ వెయ్యకముందే చెప్పింది: "నాలుగు పడ్డాయి సార్. మూడో లైనులో ఒకటి, ఏడో లైనులో రెండు, చివర ఒకటి. వేలు జారినప్పుడే తెలిసింది."

స్క్రీన్ వేశాం. మూడో లైనులో ఒకటి. ఏడో లైనులో రెండు. చివర ఒకటి. సరిగ్గా చెప్పినచోటే! ఇన్నేళ్ళ సర్వీసులో ఇలాంటిది నేను చూడలేదు. నావల్ల కూడా కాదు.

"కానీ ఐదోది కూడా ఉందమ్మా" అన్నారు హెడ్మాస్టరుగారు, స్క్రీన్ మీదే చివరిదాకా చదివి, నొచ్చుకుంటూ. "పదో లైనులో ఒకే మాట రెండుసార్లు కొట్టావు."

ఆయమ్మ పేపరు చూసింది. నన్ను చూసింది. "అయ్యుంటుంది సార్" అని కుర్చీలోంచి లేచింది.

అంత తేలిగ్గా ఒప్పేసుకోవడం నాకు మింగుడు పడలేదు. నాలుగింటికీ లెక్క చెప్పిన మనిషికి ఐదోది తెలియకుండా పోతుందా? పేపరు లాక్కుని చూశాను. పదో లైనులో ఆ మాట రెండుసార్లుంది. నేను కొట్టిన పేపర్లో.

ఎందుకు దాచాలి, సిగ్గేసింది. పిల్లల తప్పులు ఏరడమే బతుకుగా బతికినదాన్ని నేను.

"తప్పు నాది సార్. పేపర్లోనే ఉంది. ఆవిడ ఉన్నదున్నట్టు కొట్టింది."

ఆయన రెండుసార్లు చదువుకుని తల పంకించారు. "అయితే నాలుగే. రేపట్నుంచి ఆఫీసుకి రా అమ్మా."

వరండాలోకి రాగానే నిలదీశాను. "పేపర్లో ఉందని నీకు తెలుసా?"

"కొట్టేటప్పుడే తెలిసింది టీచరమ్మా."

"మరి చెప్పవేం?"

"సారు ముందు మీరు మాట పడాల్సొస్తుందని..."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఉద్యోగం పోతోంది, కూతురి చదువు పోతోంది, ఈవిడ నా పరువు కాపాడుతుందట! "బుద్ధుందా నీకు?" అని వరండా అదిరేలా అరిచాను. నోటికొచ్చినట్టు తిట్టాను. ఆవిడ తలొంచుకుని అన్నీ పడింది. తిట్లన్నీ అయిపోయాక ఇంకేం చెయ్యాలో తోచక ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను. లోపల పది నిమిషాలు బెదరకుండా ఆడిన ఆ వేళ్ళు గడగడా వణికిపోతున్నాయి.