రైలు లేని దీవిలో తాత ఇంజన్ కథలు

ఇడ్లీ పాత్ర మూత తీయగానే ముఖానికి తగిలే తడి వేడిలో, ఉడికిన మినప్పిండి వాసన వెనక, నాకెప్పుడూ బొగ్గు వాసన కూడా తగులుతుంది. మా వంటింట్లో బొగ్గు ఏనాడూ లేదు. ఆ వాసన మా తాత కథల్లోది.

తాత అంటే అమ్మ వాళ్ల నాన్న. శ్రీకాకుళం వైపు ఆవిరి ఇంజన్ల మీద ఫైర్‌మన్‌గా, పొయ్యిలోకి బొగ్గు ఎగదోసే పని చేసి చేసి, అమ్మమ్మ పోయాక మాయాబందర్‌లో మా ఇంటికి వచ్చేశాడు. రైలు పట్టా గజమైనా లేని ఆ దీవిలో, రేకుల మీద వాన హోరెత్తే సాయంత్రాల్లో, కాల్చిన పనసగింజలు ఒలుచుకు తింటూ, ఆరని యూనిఫారాల ముక్కిన వాసన మధ్య మేం వినేవి నల్లమ్మ అనే ఇంజన్ కథలే. నిప్పు నీళ్లని మరిగిస్తే పుట్టిన ఆవిరి పిస్టన్‌ని తోస్తుందని, పిస్టన్ కడ్డీని కదిపితే కడ్డీ చక్రాన్ని తిప్పుతుందని, పని అయిపోయిన ఆవిరే గొట్టంలోంచి ఛుక్ ఛుక్‌మంటుందని బడికంటే ముందు ఆయనే చెప్పాడు. ఓడలు తప్ప మరేమీ చూడని పక్కింటి బెంగాలీ పిల్ల మిఠూ ఒకసారి అడిగింది.

"తాతా, రైల్ కా యాంకర్ కిధర్ హై?"

"బ్రేకే దాని లంగరు, బేటీ" అన్నాడు తాత.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, క్రిస్మస్ మర్నాడు, డబ్బాల్లో అరిసెలూ గులాబీపువ్వులూ ఇంకా సగం ఉండగానే భూమి ఊగింది. తర్వాత సముద్రం లేచింది. మేం కొండ మీది బడికి పరిగెత్తి బతికాం. నాన్న మాత్రం కాంట్రాక్టు పని మీద దక్షిణాన వేరే దీవిలో ఉన్న హట్‌బే వెళ్లి, ఓడ టికెట్ దొరక్క పండక్కి రాలేకపోయాడు. అక్కడ ఊరే మిగల్లేదని జనం చెప్పుకుంటున్నారు. ఫోన్లు పలకడం లేదు.

బడి గదిలో అమ్మ గోడకి ఆనుకుని, చీర చెంగు మడతపెడుతూ విప్పుతూ కూర్చుంది. ఏడవలేదు, మాట్లాడలేదు, తినలేదు. నన్ను చూసినా చూడనట్టే ఉండేది.

నాలుగో రోజు మధ్యాహ్నం భూమి మళ్లీ కదిలింది. పిల్లలంతా ఏడుస్తుంటే తాత మమ్మల్ని వరండాలో కిచిడీ ఉడుకుతున్న పెద్ద గిన్నె దగ్గరికి తీసుకుపోయి, ఎగిరెగిరి పడుతున్న మూత చూపించి కథ అందుకున్నాడు. ఎత్తు ఎక్కాల్సిన చోట నల్లమ్మ కడుపులో ఆవిరి మరీ ఎక్కువైపోయిందట.

"అప్పుడేటి చేసిందనుకున్నారు? దాని నెత్తి మీద సేఫ్టీ వాల్వు ఉంటాది. అది తెరుచుకుని ఎక్కువైందంతా ఒదిలేస్తాది. ఒదల్లేదనుకో, బాయిలరు పేలిపోద్ది. ఒదిలిన ఇంజను చేతకానిది కాదర్రా. గట్టెక్కేది అదే."

నేను లేచి అమ్మ దగ్గరికి వెళ్లాను. "అమ్మా, నువ్వూ ఒదిలెయ్యి" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. వెనకే వచ్చిన తాత ఆమె పక్కన కూలబడి, "ఏడు తల్లీ. పిల్లని నే చూసుకుంటాను" అన్నాడు. అమ్మ ఆయన భుజం మీద తల పెట్టి, కిచిడీ పొయ్యి దిగి వడ్డనలయ్యేదాకా ఏడ్చింది. తర్వాత రెండు ముద్దలు తింది. నాన్నతోపాటు అమ్మ కూడా పోయిందని భయపడుతున్న నేను, ఆ మధ్యాహ్నం ఆమె ఒళ్లో ఆదమరచి నిద్రపోయాను.

తొమ్మిదో రోజు ఒక లారీలోంచి నాన్న దిగాడు. గడ్డం, కుంటి నడక. కొండెక్కి, కొబ్బరికాయలతో ప్రాణం నిలుపుకుని, పోర్ట్‌బ్లెయిర్‌కి ఓడా అక్కడినుంచి దొరికిన బళ్లూ పట్టుకుని వచ్చాడట. అమ్మ ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "ఎవరిదండీ ఆ లుంగీ?" అంది. అంతే, ఇద్దరూ నవ్వుతూ ఏడ్చారు. తాత కళ్లజోడు తుడుచుకుంటూ నాతో అన్నాడు:

"వచ్చేడు కదే. బండి లేటు, అంతే."

ఆ భూకంపానికి మా వైపు తీరం పైకి లేచింది. నేను ఈత నేర్చుకున్న చోటికి ఇప్పుడు పోటు నీళ్లు కూడా రావు. ఆవిరి ఇంజన్లు పోయాయి, తాతా పోయాడు, నల్లమ్మ కథలు ఎవరూ రాసిపెట్టలేదు. నాన్న మాత్రం ఉన్నాడు. నిన్న మధ్యాహ్నం చేపల పులుసులో చింతపండు తక్కువైందని అమ్మతో గంటసేపు వాదించాడు. నేను ఏ పక్షమూ చేరకుండా, ఇద్దరి గొంతులూ వింటూ కూర్చున్నాను.