మఠంలో అన్నానికి పిలిచిన గొంతు

దయ్యాలు, మహిమలు అంటే నాకు మొదటి నుంచీ నవ్వే. దేవరకొండ దగ్గర ఒక హైస్కూల్లో సైన్సు చెబుతాను. అందుకే ఇది రాయడానికి చాలా కాలం తటపటాయించాను.

మా బాపు ఊరి మఠం భూమిని పాలుకు చేస్తాడు. తాత కూడా అదే చేశాడు. ఆ మఠంలో తరతరాల ఆచారం ఒకటుంది. పీఠం మీదున్న అయ్య మధ్యాహ్నం గడప దాటి వచ్చి, "ఆకలైనోళ్లు రాండ్రో!" అని చేలవైపు గొంతెత్తి పిలుస్తాడు. అందరూ తిన్నాకే తాను తింటాడు. కరువుల్లో గంజి కాచినా సరే, పిలుపు మాత్రం ఆగలేదంటారు.

కొత్త జిల్లాలు వచ్చాక, ఒక పత్తి కాలంలో అయ్య పోయాడు. తన తర్వాత ఎవరో చెప్పలేదు. సమాధి చేసిన మర్నాడే, "అయ్యనే లేనప్పుడు మఠమెక్కడిది? భూమి పంచుకుందాం" అన్నారు కొందరు. ప్లాట్లు చేసేవాళ్లు అప్పటికే వచ్చి చూసి వెళ్లారు.

ఆ మధ్యాహ్నం బాపూ నేనూ పత్తి ఏరుతున్నాం. పిలుపు వినిపించింది. అయ్య గొంతే. చివర్లో కాస్త బొంగురుపోయే అదే గొంతు.

బాపు ఒడిలోని పత్తి కుప్పలో పోసి చేతులు కడుక్కున్నాడు.

"బాపూ, అయ్య పోయిండు గదా!"

"పోయిండు. అన్నానికి పిలిచినంక పోకుంటే ఎట్ల బిడ్డా?"

మేం వెళ్లేసరికి నలుదిక్కుల నుంచీ జనం వస్తున్నారు. భూమి పంచుకుందామన్నవాళ్లూ ఉన్నారు. అయ్య శిష్యురాలు శివమ్మ గడపలో నిలబడి ఉంది. అలవాటు కొద్దీ వండింది కానీ, పిలిచే హక్కు పీఠానిది కాబట్టి ఊరుకుందట.

"నేను నోరే తెరువలే. మిమ్ముల ఎవరు పిలిచిన్రు?"

ఆమె మా ముఖాలు చూసింది. కొంగు నడుముకు చుట్టుకుని, "కూసోండ్రి మరి" అని విస్తళ్లు వేసింది. చివరి మనిషి లేచేదాకా మెతుకు ముట్టలేదు. పంపకం గురించి అందరికంటే గట్టిగా మాట్లాడిన పెద్దమనిషే చేయి కడుక్కుని వచ్చి, "రేపటి సంది నువ్వే పిలువమ్మా" అన్నాడు.

ఇప్పటికీ ఆమే పిలుస్తోంది. ఎందరు వచ్చి ఆశ చూపినా, బెదిరించినా గుంట భూమి కూడా పోనివ్వలేదు. అంత ధైర్యం ఆ సన్నటి మనిషిలో ఉందని మాలో ఎవరమూ అనుకోలేదు.

అయ్య గొంతు మళ్లీ వినబడలేదు. మైకు పెట్టారేమో, ఎవరైనా ఆ గొంతు అనుకరించారేమో అని అప్పట్లో నేను చాలా వెతికాను. ఏమీ దొరకలేదు. నేనొక్కణ్ణే విని ఉంటే భ్రమ అని ఎప్పుడో వదిలేసేవాణ్ణి. ఆ రోజు పంక్తి నిండిపోయింది.