మామ్మ ముట్టని రొట్టె

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్ల వయసులో, మా మామ్మ వరుసగా పదకొండు నెలలు ప్రభు భోజనం ముట్టకపోవడం చూశాను. భావనపాడు వైపు సముద్రపు ఒడ్డున ఉన్న మా పల్లె చర్చిలో, ప్రతి నెలా మొదటి ఆదివారం ఆ భోజనపు రొట్టె ముక్కల పళ్లెం చేతులు మారుతూ వచ్చేది. మామ్మ దాన్ని అందుకుని, ఏమీ తీసుకోకుండా పక్కవారికి ఇచ్చేసేది. నెలలు నేనే లెక్కపెట్టాను కనుక ఆ సంఖ్యలో పొరపాటు లేదు.

కారణం మా వీధి చివరి ఇంట్లో ఉండే, నేను పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. ఆమె కొడుకు పగపట్టి వేరొకరి వలను కత్తితో కోసేశాడు. అతన్ని కాపాడుకోవడానికి ఆమె ఊరి పెద్దల ముందు నిలబడి, కోసింది మామ్మ చిన్న కొడుకు, మా చిన్నాన్నే, కళ్లారా చూశానని చెప్పింది. నిజానికి ఆ రోజు చిన్నాన్న జ్వరంతో మా ఇంట్లో పడుకుని ఉన్నాడు. అతనికి గంజి కాచి తెచ్చింది ఆ పెద్దమ్మే. ఆమె, మామ్మ ఒకే రోజు బాప్తిస్మం పొందిన స్నేహితురాళ్లు కావడంతో, స్నేహితురాలి కొడుకు మీద అబద్ధం చెప్పదని ఊరు ఆమె మాటనే నమ్మింది. ఆ తరువాత ఏ పడవా చిన్నాన్నను ఎక్కించుకోలేదు. అతను పని వెతుక్కుంటూ దూరాన ఉన్న పారాదీప్ రేవుకు వెళ్లిపోయాడు.

నన్ను అంతకంటే దహించింది మరొకటి. అబద్ధమాడిన పెద్దమ్మ చర్చిలో మామ్మ కూర్చున్న చాప మీదే కూర్చుని, ప్రతిసారీ రొట్టె తీసుకునేది. ఒకనాడు చేపలు తోముతున్న మామ్మను నిలదీశాను.

"ఆవిడ తింతన్నాది గదా, నువ్వేటి మానీసినావు?"

"దాని సంగతి దేవుడు సూసుకుంతాడు. నాను రోజూ దాని కొడుకు నాశనమైపోవాలని తిడతన్నాను. ఆ నోటితోటి ఎలా తింతానే?"

ఆ సాయంత్రం నుంచి ఆమె ప్రార్థనలో ఒక కొత్త వాక్యం చేరింది. "ప్రభువా, దాని పిల్లల్ని సల్లగా సూడు. నాకిష్టం నేదు. అయినా సూడు." నేను ఆమేన్ అనలేదు. మామ్మ కోప్పడలేదు.

"అనకులే. ఉత్తుత్తి ఆమేన్లు ఆయనకి సానా వస్తన్నాయి."

పన్నెండో నెలలో మామ్మ రొట్టె తీసుకుంది. చిన్నాన్ననూ నన్నూ వదిలేసి ఆమె కూడా ఆ పక్షానికి వెళ్లిపోయినట్టు అనిపించింది. పెద్దమ్మ చేసిన ద్రోహం కంటే అదే నాకు ఎక్కువ నొప్పి కలిగించింది. చర్చి బయట ఏడుస్తూ అడిగాను.

"ఆవిడంటే ప్రేమొచ్చీసిందా?"

"ఏటి ప్రేమే? తిట్టు ఆగినాది, అంతే. ప్రేమ ఇంకా రానేదు."

"మరెందుకు తిన్నావు?"

"ఇంకా సానా దూరం నడవాలి పిల్లా. తినకుండా ఎలా నడుస్తాను?"

పెద్దమ్మ చనిపోయేవరకు నిజం ఒప్పుకోలేదు. చిన్నాన్న తిరిగి రాలేదు. నేను పెద్దదాన్నై, ఇంజనీరుగా వంతెనల బలాన్ని పరీక్షించే పనిలో జీవితం గడిపాను. శత్రువును ప్రేమించమన్న ఆజ్ఞ విన్నప్పుడల్లా, లేని ప్రేమను ఉన్నదని చెప్పకుండా, ఎంతవరకు వచ్చానో అంతే చెప్పడం ఆ రోజు మామ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పుడు పల్లెకు వెళ్లినప్పుడు, వల కోసిన ఆ కొడుకు, ముసలివాడై, గుమ్మంలో కూర్చుని కనిపిస్తాడు. బాగున్నావా అని అడుగుతాను. జవాబు పూర్తయ్యేవరకు నిలబడతాను. మొన్నటివరకు నిలబడలేకపోయేదాన్ని.