ఇద్దరి కోసం అడిగిన చోటు

చిక్కబళ్లాపురంలో నేను ఎలక్ట్రికల్ డిప్లొమా చదివే రోజుల్లో, ఆఖరి సెమిస్టరులో పాఠాలుండవని, ఎవరికి వారు ఏదో ఒక కంపెనీలో చేరి పని నేర్చుకుని రావాలని చెప్పారు. దాన్ని ఇంటర్న్‌షిప్ అనేవారు. మాకు చోట్లు చూపించే బాధ్యత ఒక సారుకు అప్పజెప్పారు కాని, ఆయనకు తెలిసిన కంపెనీలు కొద్దే. అవీ బెంగళూరుకు అవతల. మగపిల్లలు కలిసి గది తీసుకుని వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు తెలిసినవాళ్ల ద్వారా చూసుకోండి, కంపెనీవాళ్లు ఒప్పుకున్నట్టు రాయించుకొస్తే చాలు అని సారు కన్నడంలో చెప్పి, క్లాసులోంచి వెళ్లిపోయాడు.

తెలిసినవాళ్లు! మాది బాగేపల్లి దగ్గర పల్లె. మా నాయనకు తెలిసినవాళ్లంతా వేరుశనగ పండించేవాళ్లు, లేకపోతే కొనేవాళ్లు. నా పక్కన కూర్చునే అమ్మాయిది చింతామణి. ఆమెకు తండ్రి లేడు. తల్లి రీలింగ్ యూనిట్‌కు కూలికి వెళ్లేది. పట్టుగూళ్లను మరిగే నీళ్లలో వేసి దారం తీసే పని అది. మా బ్రాంచిలో ఆడపిల్లలమే తక్కువ, అందులో ఇంట్లో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. చేరిన కొత్తలో ల్యాబులో నాకు చిన్నగా షాకు కొట్టి "ఓ నాయనో" అని అరిస్తే, వెనక నుంచి "ఏం మే, నువ్వూ తెలుగేనా?" అని నవ్వింది. అప్పటి నుంచి మాకు స్నేహం.

చోటు కోసం ఇద్దరం కలిసే తిరిగాం. కర్ణాటకలో ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి తిరగడానికి ఎవరినీ అడగనక్కర్లేకపోయింది. రోడ్డు పక్కన ఏ ఫ్యాక్టరీ కనిపిస్తే అక్కడ దిగేవాళ్లం. చాలాచోట్ల గేటు దగ్గర సెక్యూరిటీతోనే మాట అయిపోయేది. "మెయిల్ హాకి" అనేవాళ్లు, మెయిల్ పెట్టుకోండి అని. పెట్టాం. ఒక్కదానికీ జవాబు రాలేదు. రాత్రి పడుకునే ముందు ఫోను తీసి చూడటం, తెల్లారి లేవగానే మళ్లీ చూడటం అలవాటైపోయింది. మా అమ్మ నా ముఖం చూసి ఏమీ అడగకుండా కాఫీ ఇచ్చేది. అడగకపోవడమే నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఒక కంపెనీవాళ్లు మాత్రం వీడియోలో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. మా పల్లెలో సిగ్నల్ నిలవదు. అందుకని కాలేజీకి వెళ్లే దారిలో పేరేసంద్రలో దిగి, హైవే పక్కన ఒక టీ అంగడి వెనక బండ మీద కూర్చున్నాను. ఆమె చింతామణి నుంచి పొద్దున్నే వచ్చి నాతో కూర్చుంది. గాలి హోరు వినపడకుండా తన చున్నీని ఫోను చుట్టూ అడ్డం పట్టుకుంది. తెర మీది మనిషి ఇంగ్లీషులో, పెద్ద మోటారును నేరుగా ఎందుకు స్టార్ట్ చేయకూడదో చెప్పమన్నాడు. నాకు తెలుసు. మొదలుపెట్టాను కూడా. లారీలు ఒకదాని వెనక ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయాయి. వినపడలేదన్నాడు. మళ్లీ చెప్పాను. ఈసారి మాట తడబడింది. నిశ్శబ్దంగా ఉండే చోటు నుంచి ఇంకోసారి మాట్లాడదామని చెప్పి తెర ఆర్పేశాడు. ఆ ఇంకోసారి రాలేదు. ఆమె చున్నీ దులుపుకుని వేసుకుంటూ, "నువ్వు బాగానే చెప్తివి మే. లారీలోళ్లకి ఏం తెలుసు," అంది. నాకు ఏడుపొచ్చింది.

చిక్కబళ్లాపురం శివార్లలో కరెంటు ప్యానెల్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్ ఒకటి ఉండేది. దాని యజమాని మమ్మల్ని లోపలికి పిలిచి కూర్చోబెట్టాడు. మేం తెలుగులో గుసగుసలాడుకోవడం విని తెలుగులోనే మాట్లాడాడు. మేం చదివినవన్నీ అడిగాడు. ఆశ పుట్టింది. చివరికి చెప్పాడు.

"చూడమ్మా, మీరిద్దరూ పనికొస్తారు. కాని ఈడ ఆడోళ్లకి టాయ్‌లెట్ లేదు. మా పిల్లోళ్లు గోడ వెనక్కి పోతారు. మీరు పొద్దస్తమానం యాడికి పోతారు?"

దండం పెట్టి లేచాం. బస్టాండుకు నడుస్తూ ఆమె, "ఆయప్ప నిజం చెప్పినాడు. మిగతావోళ్లు అదీ చెప్పలా," అంది. నవ్వుదామని చూశాం కాని నవ్వు రాలేదు.

గడువు దగ్గరపడింది. ఇక ఈ ఏడాది పోయినట్టే అనుకుంటూ ఉండగా ఒక సాయంత్రం ఆమె ఫోను చేసింది. చింతామణి బయట చింతపండు నిల్వ ఉంచే కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడ పెద్ద మోటార్లు, జనరేటరు, ప్యానెళ్లు అన్నీ ఉంటాయి. ఆమె నాకు చెప్పకుండా, కాలేజీ నుంచి ఇంటికి వెళ్లేటప్పుడల్లా అక్కడ దిగి మేనేజరు కోసం కాచుకుని కూర్చుందట. ఆయన మొదట కుదరదన్నాడు. తర్వాత, సరే, ఒకరైతే రమ్మన్నాడు.

"నేనేమంటినో తెలుసా? సార్, ఒకరికి చెప్పే పని ఇద్దరికి చెప్తే మీకేం పోతాది, ఇద్దరం వస్తాం అంటిని. నవ్వేసినాడు మే! రాసిస్తా అన్నాడు."

"నిజంగా? టాయ్‌లెట్ ఉండాదా?"

"ఉండాది! ముందు అదే చూసొస్తిని."

ఆ రాత్రి మా ఇంట్లో అందరం నవ్వుకుంటూ అన్నం తిన్నాం. జీతమేమీ ఇవ్వరని మా నాయనకు చెప్తే, "పని నేర్పిస్తారు గదా పాపా, అది చాలు," అన్నాడు.

ఇంక చేరడమే తరువాయి అనగా ఆమె తల్లికి ప్రమాదం జరిగింది. రీలింగ్ యూనిట్‌లో మరుగుతున్న నీళ్ల తొట్టి ఒరిగి కుడిచెయ్యి కాలిపోయింది. నేను చింతామణి ఆసుపత్రికి వెళ్లేసరికి ఆమె వరండాలో గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఏడవడం లేదు. లోపల తల్లి చేతికి కట్టు కడుతున్నారు.

"నువ్వు చేరిపో మే. నేను రాలేను," అంది.

"ఆసుపత్రి నుంచి ఇంటికి పోయినాక వద్దువులే. మేనేజరుకి నేను చెప్తా."

"అది కాదు. మా యమ్మ జాగా ఖాళీగా పెట్టరు. వేరేవోళ్లు వస్తే ఇంగ ఆ జాగా మాకు లేదు. రేపట్నుంచి నేనే పోతాండా."

జీతం లేని పనికి రమ్మని నేను అడగలేకపోయాను.

విషయం తెలిసి మా నాయన మరుసటి రోజే నాతో కాలేజీకి బయల్దేరాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. సారు ముందు కుర్చీ ఉన్నా కూర్చోకుండా, కన్నడంలో మొదలుపెట్టి మధ్యలో తెలుగులోకి వచ్చేశాడు. "ఆ చోటు చూసింది ఆ పాపే గదప్పా. సాయంత్రాలు వచ్చి నేర్చుకుంటే ఒప్పుకోరా?" అన్నాడు. సారుకు తెలుగు వచ్చు. ఆయన చెడ్డవాడేం కాదు. హాజరు పగలే ఉండాలని, అది తన చేతిలో లేదని, వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్‌కు మళ్లీ పేరు రాయించుకోవచ్చని చెప్పాడు. బయటికొచ్చాక మా నాయన మెట్ల మీద కూర్చుండిపోయాడు. "వచ్చే ఏడు అనేది ఉన్నోళ్ల మాట పాపా," అన్నాడు.

మొదటి రోజు నేను ఒక్కదాన్నే వెళ్తే మేనేజరు నా వెనక్కి చూసి, "ఇన్నొబ్బరు ఎల్లి?" అన్నాడు, ఇంకొకరేరీ అని. చెప్పాను. ఆయన తల ఊపి లోపలికి రమ్మన్నాడు.

బాగేపల్లి నుంచి చింతామణికి రోజూ బస్సులో వెళ్లొచ్చేదాన్ని. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చింతపండు బస్తాలు కప్పు దాకా ఉండేవి. బయట ఎండ మండిపోతుంటే లోపల వేళ్లు కొంకర్లు పోయేవి. అక్కడి ఎలక్ట్రీషియన్ విసుక్కుంటూనే అన్నీ చూపించేవాడు. ఏ కొత్త పని నేర్చుకున్నా నా పక్కన ఇంకో మనిషి నిలబడాల్సిన ఖాళీ కనిపించేది.

మొదట్లో ఆమె మధ్యాహ్నం అన్నం వేళ గేటు దాకా వచ్చేది. లోపలికి రానివ్వరు. రోడ్డు పక్క చెట్టునీడలో నిలబడేవాళ్లం. వేడినీళ్లలో నాని ఆమె వేళ్లు తెల్లగా, ముడతలు పడి ఉండేవి. ఒంటి నుంచి ఉడికిన పట్టుగూళ్ల వాసన వచ్చేది. దగ్గరికి వస్తే నాకు ఇబ్బందేమోనని కొంచెం ఎడంగా నిలబడేది.

"ఈపొద్దు ఏం నేర్పించినారు?" అని అడిగేది. నేను చెప్తుంటే కళ్లు చిట్లించి, క్లాసులో వినేటట్టే వినేది. రానురాను రావడం తగ్గించింది. ఒకరోజు నేనే ఫోను చేసి ఎందుకు రాలేదని అడిగాను.

"వస్తే మళ్లీ పనిలోకి పోబుద్ది కాదు మే," అంది. తర్వాత ఇంక రాలేదు. నేనూ రమ్మని అడగలేదు.

నేను డిప్లొమా పూర్తిచేసి దొడ్డబళ్లాపురం వైపు ఒక ఫ్యాక్టరీలో చేరాను. మరుసటి ఏడాది, ఇంటర్న్‌షిప్‌కు మళ్లీ పేరు రాయించుకునే సమయం వచ్చినప్పుడు ఆమెకు ఫోను చేసి గుర్తుచేశాను. చూస్తానంది. ఆమె తల్లి చెయ్యి మానింది కాని వేళ్లు వంగడం లేదు. ఆ పై ఏడాది కూడా చేశాను. అప్పుడు చూస్తానని కూడా అనలేదు. బాగేపల్లిలో వానలు పడ్డాయా అని అడిగింది.

ఈమధ్య సెలవు పెట్టుకుని చింతామణి వెళ్లాను. ఆమె వీధి మొదట్లోకి ఎదురొచ్చింది. ఇంటికి నడుస్తూ మెల్లగా చెప్పింది. "ఇంట్లో కాలేజీ మాట ఎత్తొద్దు మే. మా యమ్మ తన వల్లనే నా చదువు పోయిందని ఏడుస్తాది. అన్నం కూడా తినదు."

లోపల ఆమె తల్లి చాప మీద కూర్చుని ఉంది. నన్ను చూసి సంబరపడింది. కుడిచేతిని కొంగు కింద పెట్టుకుని, ఎడమచేత్తో నా చెయ్యి పట్టుకుంది. "బాగుండావా తల్లీ? మీ నాయనకి చెనక్కాయ పంట వచ్చిందా?" అంది. వచ్చిందన్నాను. నా స్నేహితురాలు టీ పెట్టుకొచ్చి పక్కన కూర్చుని, నా చెయ్యి వదలని తల్లికి గ్లాసు నోటికి అందిస్తూ తాగించింది. చింతామణి మార్కెట్లో టమాటా ధర పడిపోయిందని మాట్లాడుకున్నాం. బస్సుల్లో రద్దీ పెరిగిందని మాట్లాడుకున్నాం. తల్లి నా ఉద్యోగం ఏమిటని అడగబోతే, ఆమె చటుక్కున అందుకుని, ఎండలు ఈసారి ముందే వచ్చాయంది. నేను అవునన్నాను.