కొండమీద రెండో అక్షరాభ్యాసం

మా పక్కింటి రామతులసి నోరున్న మనిషి. నరసరావుపేటలో వాళ్ళ కిరాణా కొట్టు సగం ఆ నోటి మీదే నడుస్తుంది. గీచి గీచి బేరమాడేవాళ్ళు ఆమెను తప్పించుకుని మొగుడు బ్రహ్మయ్య దగ్గరికి పోతారు. అంతటి మనిషీ కూతురు పుస్తకం తెరిస్తే మాత్రం డీలా పడిపోతుంది.

ఆ పిల్ల పేరు సాయిసాత్విక, నాలుగో తరగతి. విన్న పాఠం విన్నట్టు ఒప్పజెబుతుంది. చదవమంటేనే చిక్కు. పై వరుసలో కూడబలుక్కుని చదివిన మాటే కింది వరుసలో ఎదురైతే, ఎన్నడూ ఎరగని చుట్టాన్ని చూసినట్టు చూస్తుంది. బడిలో పొగరన్నారు, ఇంట్లో బద్ధకమన్నారు. రామతులసి కూడా ఒకసారి రెండు తగిలించింది. తర్వాత పిల్లకంటే తనే ఎక్కువ ఏడ్చింది.

గుంటూరులో డాక్టరమ్మ పరీక్షలు చేసింది. తెలివికి లోటు లేదని, అక్షరానికీ శబ్దానికీ లంకె కుదరడమే ఈ పిల్లకు కష్టమని, దాన్ని డిస్లెక్సియా అంటారని చెప్పింది. కొట్టకూడదట. విడిగా కూర్చోబెట్టి నిదానంగా నేర్పే టీచరు కావాలట. ఆ టీచరు కోసం రామతులసి ఊళ్ళో ఎక్కని బడి మెట్టు లేదు. "అట్టాంటోళ్ళు ఇక్కడేడున్నారమ్మా?" అన్నవాళ్ళే అందరూ. ఒకాయన హాస్టల్లో పడేయమన్నాడట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

రామతులసి అత్తగారు హనుమాయమ్మకు డిస్లెక్సియా అన్న పేరే నోరు తిరగలేదు. "అప్పుడు అక్షరాభ్యాసం వర్జ్యంలో జరిగిందే. కోటప్పకొండకు తీసకపోయి మళ్ళా చేయిస్తే చదువు అదే వచ్చిద్ది" అని తేల్చేసింది.

"వద్దంటే, మరి నువ్వేం చేస్తావే అని అడిగింది మా అత్త. ఏం చెప్పను పిన్నీ?" అంది రామతులసి నాతో.

నేనూ వాళ్ళతో వెళ్ళాను. మూడేళ్ళ పసివాళ్ళంతా అమ్మల ఒళ్ళో కూర్చుంటే, వాళ్ళ మధ్య తొమ్మిదేళ్ళ సాత్విక మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. పూజారి వేలు పట్టి బియ్యంలో దిద్దించాడు. "ఇంత పెద్దపిల్లకేందీ?" అని వెనక ఎవరో అన్నారు. రామతులసి తల వంచుకుంది. పిల్ల మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుని దండం పెట్టి, మెట్లన్నీ గెంతుతూ దిగింది. ఆ సంతోషం చూస్తే నాకు భయమేసింది.

సోమవారం తెలుగు పీరియడ్‌లో ఎవరు చదువుతారని టీచరు అడిగితే, ఎన్నడూ లేనిది సాత్విక చెయ్యెత్తింది. లేచి పుస్తకం పట్టుకుంది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. క్లాసంతా నవ్వింది.

సాయంత్రం నేను వెళ్ళేసరికి తల్లి ఒళ్ళో తల పెట్టుకుని పడుకుంది. ఏడుపు అయిపోయినట్టుంది.

"సామి మంచోడేనమ్మా. బియ్యంలో నేనే సరిగ్గా దిద్దలేదు. ఇంకోసారి తీసకపో. ఈసారి చానా బాగా దిద్దుతా."

"నీ తప్పేం లేదమ్మా, నీ తప్పేం లేదు" అంటూనే ఉంది రామతులసి. పిల్ల చెవికెక్కితేగా! "ఎప్పుడు పోదాం?" అని అడుగుతూనే ఉంది.