ముసలామెను చెరిపేసిన మధ్యాహ్నం

2023 మే నెల. కర్నూలులో ఒక ఎరువుల కొట్టు మీద మేడగదిలో నా రికార్డింగ్ స్టూడియో. స్టూడియో అంటే ఏదో ఊహించుకోకండి. పన్నెండడుగుల గది, గోడలకు స్పాంజి, మధ్యలో ఒక అద్దం, అద్దానికి అవతల మైకు. అంతే. పద్దెనిమిదేళ్లుగా ఈ గదిలో చర్చి పాటలు, ఉరుసు కవ్వాలీలు, ఎన్నికల పాటలు, బట్టల షాపు ప్రకటనలు రికార్డు చేశాను. నా పేరు ఖాదర్. నాకు ఓపిక తక్కువని అందరూ అంటారు. రికార్డింగ్ జరిగేటప్పుడు ఫ్యాన్ వేయకూడదు, దాని చప్పుడు మైకులో పడుతుంది. మే నెలలో కర్నూలులో ఫ్యాన్ లేకుండా నాలుగు గంటలు కూర్చోండి, మీ ఓపిక సంగతి కూడా తెలుస్తుంది.

ఆ రోజు పాడటానికి వచ్చింది రూతమ్మ. ఆలూరు దగ్గర పల్లె ఆమెది. చిన్నప్పుడు చర్చిలో పాడి పాడి గొంతు కుదిరింది. ఆ తర్వాత పదిహేనేళ్లుగా పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా పాటలు. మా వైపు ఆర్కెస్ట్రాల్లో ఆడగొంతు ఒక్కటే ఉంటుంది. చంటిపాప పాటైనా, డాన్సు పాటైనా, దేవుడి పాటైనా, బామ్మ పాటైనా ఆ ఒక్కరే పాడాలి. కళ్లు మూసుకుని వింటే స్టేజీ మీద నలుగురు ఉన్నారనుకుంటాం. కళ్లు తెరిస్తే ఈ ఒక్క రూతమ్మే, ఒక చేతిలో మైకు, ఒక చేతిలో నీళ్ల సీసా.

సినిమాకు కూడా పాడింది, కానీ ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆమె పాడినవన్నీ ట్రాకులు. ట్రాక్ అంటే, అసలు గాయని వచ్చి పాడే ముందు ఆమెకు బాణీ తెలియడం కోసం ఇంకొకరితో పాడించి పెట్టుకునే నమూనా. అసలు గాయని పాడగానే ట్రాక్ గొంతును చెరిపేస్తారు. అలా పదకొండు పాటల్లోంచి రూతమ్మ గొంతు చెరిగిపోయింది. ఆమె చర్చిలో వాళ్లకు "నేను సినిమాలో పాడినా" అని చెప్పుకుంటే, వాళ్లు పాట విని వేరే గొంతు వినబడేసరికి నవ్వేవారట.

ఈసారి మాత్రం ఒక ఆశ ఉంది. సంగీత దర్శకుడు కిరణ్ కడప కుర్రాడు, హైదరాబాదులో ఉంటాడు. గండికోటలో తీసిన ఒక చిన్న సినిమాకు పని చేస్తున్నాడు. ముందు రోజు ఫోన్ చేసి, "అన్నా, రూతక్కతో పాడించి పంపు. డైరెక్టర్‌కు నచ్చితే ఆ గొంతే ఉంచేస్తాం, పేరు కూడా వేస్తాం. సాయంత్రం ఐదింటికి ఆయన వింటాడు. అది దాటితే ఇక్కడి సింగర్‌తో పాడించేస్తాం" అన్నాడు.

పాట బాగుంది. ఒకామె మూడు వయసుల్లో ఒకే బాటన నీళ్లకు పోతుంది. పల్లవిలో పిల్ల, మొదటి చరణంలో కొత్త పెళ్లికూతురు, రెండో చరణంలో ముసలామె. ఉదయం తొమ్మిదికి మొదలుపెడితే పదకొండుకు అయిపోవాల్సిన పని. పదకొండైంది, పల్లవి కూడా దాటలేదు. ఎందుకంటే ఈమె పాడదు, ప్రశ్నలడుగుతుంది.

"అన్నా, ఈ పిల్లకు చెప్పులుండాయా?"

"చెప్పులెందుకమ్మా పాటలో?"

"ఎండలో వట్టికాళ్లతో పోతే గొంతు ఎగిరెగిరి పడతాది గదన్నా."

సరే, చెప్పులు లేవు అన్నాను. పాడింది. చరణం దగ్గర మళ్లీ ఆగింది.

"బిందె తలమీద ఉండాదా, సంకన ఉండాదా?"

"యాడుంటే ఏమి! పాడు తల్లీ, నీ కాళ్లు మొక్కుతా!"

"సంకనుంటే ఒక పక్కకు వంగతాది. ఊపిరి తక్కువ పడతాది. అందుకే అడుగుతాండా."

యా అల్లా అని నెత్తి కొట్టుకున్నాను. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. కింద కొట్టులో బస్తాలు దించుతున్నారు, ధబ్ ధబ్‌మని ప్రతి టేకులోనూ పడుతోంది. టేక్ అంటే ఒకసారి పాడిన రికార్డు. నేను కిందికి పరుగెత్తి వాళ్లను తిట్టి వచ్చేసరికి ఈమె అద్దం అవతల నడుం ఒక పక్కకు వంచి, లేని బిందెను చంకన పెట్టుకుని నిలబడి ఉంది. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ముసలామె దగ్గరికి వచ్చేసరికి, "ఈయమ్మకు నోట్లో పండ్లుండాయా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. చెప్పి ఉంటే ఏదో ఒక కూడని మాటే వచ్చేది.

ఒంటిగంటకు పూర్తయింది. "బాగుండాదా అన్నా?" అంది. "శానా బాగుండాది, పోయి భోంచేసి రాపో" అని పంపించేశాను. నిజానికి నేను సరిగా వినలేదు. తప్పు అక్కడే మొదలైంది.

ఆమె వెళ్లాక హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. పల్లవిలో ఒక గొంతు, చరణంలో ఒక గొంతు, చివర్లో వణుకు, బొంగురు, అక్కడక్కడ శ్రుతి ఒక వెంట్రుకవాసి కింద. ఎండకు గొంతు అలిసిపోయింది పాపం, అనుకున్నాను. పద్దెనిమిదేళ్ల అలవాటు. బట్టల షాపు ప్రకటనలో మొదటి మాటా చివరి మాటా ఒకేలా వినబడకపోతే షాపాయన ఊరుకోడు. టేకుకూ టేకుకూ తేడా కనబడితే నా చెయ్యి ఆగదు. శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ వేసి వణుకు తీసేశాను. ఈక్యూ అనే మీటలు ఉంటాయి, గొంతులో బరువూ పదునూ పెంచి తగ్గించేవి. వాటితో మూడు గొంతులనూ ఒకటి చేశాను. ఊపిరి చప్పుళ్లన్నీ కత్తిరించాను. మూడింటికి కిరణ్‌కు పంపి, ఫ్యాన్ వేసుకుని, గొప్ప పని చేశానని టీ తెప్పించుకున్నాను.

మూడున్నరకు కిరణ్ ఫోన్.

"ఏందన్నా ఇది? ఇస్త్రీ చేసినట్టు ఉండాది. రూతక్కకు ఏమయింది? ఇది పనికిరాదు. నేను ఇక్కడి సింగర్‌కు ఫోన్ చేస్తాండా."

అప్పుడే రూతమ్మ మెట్లెక్కి వచ్చింది. ఆ మంటంతా ఆమె మీదే చూపించాను. "పొద్దున్నించీ చెప్పులు, బిందెలు, పండ్లు! ఆ ధ్యాస పాట మీద పెట్టి ఉంటే ఈ గతి పట్టేదా? వద్దన్నారు పో!" అన్నాను. ఆమె ముఖం వాడిపోయింది. కూర్చోలేదు. "ఏదీ, వినిపించన్నా" అంది.

విన్నది. మూడు నిమిషాలు కదలకుండా విని హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టింది.

"ముసలామె యాడికి పోయిందన్నా?"

"ఏ ముసలామె?"

"నేను పాడిన ముసలామె. పెండ్లికూతురు గూడా లేదు. ఇంతమందినీ తీసేస్తివే. ఇదెవరో నాకు తెలీదు."

"గొంతు వణికిందమ్మా! సరిచేసినా!"

"డెబ్బై ఏండ్ల ఆమెకు వణకదా అన్నా?"

"అట్లా వణికిస్తాండానని ముందే చెప్పొచ్చు గదా!"

"పొద్దున్నించీ నిన్ను అడిగిందంతా అదే గదన్నా," అని ఆమె ఏడ్చేసింది. "ఇన్నిసార్లు వాళ్లు చెరిపిరి. ఈసారి నువ్వు చెరిపితివి."

సిగ్గుతో చచ్చిపోయాను. పద్దెనిమిదేళ్లు చెవులతో బతికినవాణ్ణి, ఆ రోజు చెవులు మూసుకుని పని చేశాను.

అదృష్టం, ఆమె పాడిన అసలు టేకులు కంప్యూటర్లో అలాగే ఉన్నాయి. ఏ మీటా ముట్టుకోకుండా, ఊపిరితో సహా, కింద బస్తా పడిన చప్పుడు ఒకటి మిగిలి ఉంటే దానితో సహా పంపాను. కిరణ్ ఫోన్ ఎత్తడు. ఐదుసార్లు, ఆరుసార్లు చేశాను. నాలుగుంబావు. నాలుగున్నర. రూతమ్మ కుర్చీలో కూర్చుని గోడనున్న స్పాంజిని గిల్లుతోంది. గిల్లొద్దని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఐదుకు పది నిమిషాలు ఉన్నాయనగా కిరణే చేశాడు. అరుస్తున్నాడు. "అన్నా! ముగ్గురితో పాడించినావా? ముందే చెప్పొద్దా! డైరెక్టర్ గారు పక్కనే ఉండారు, ఆ పెద్దావిడ ఎవురని అడుగుతాండారు. ముగ్గురి పేర్లు పంపు!"

ఒక్కరే అన్నాను. నమ్మలేదు. ఒట్టు వేశాను. అయినా నమ్మలేదు. వీడియో కాల్ పెట్టి ఫోను రూతమ్మ చేతికిచ్చాను. ఏడ్చిన ముఖంతోనే పల్లవిలో ఒక లైను పిల్లలా పాడింది. చరణంలో ఒకటి. మూడోది పాడే ముందు నోరు కాస్త లోపలికి ముడుచుకుంది. పండ్లు లేవని తనే తేల్చుకుందన్నమాట. అటునుంచి డైరెక్టర్ గొంతు వినబడింది, "పేరు ఏమని వేయాలమ్మా?"

పొద్దున్నుంచీ ప్రశ్నలతో నా ప్రాణం తోడేసిన మనిషి ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పలేక నా వైపు చూసింది. నేనే చెప్పాను, "ఆలూరు రూతమ్మ" అని.

ఆ రోజు నుంచి నా గదిలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. పాడినవాళ్లు పక్కన కూర్చుని వినేదాకా ఏ గొంతునూ సరిచేయను. నాకు తప్పుగా వినబడింది వాళ్లు కావాలని పెట్టిందేమో అడుగుతాను. దీనివల్ల ప్రతి పనికీ రెట్టింపు టైము పడుతోంది, చిరాకు మాత్రం ఏమీ తగ్గలేదు.

సినిమా వచ్చాక ఇద్దరం కర్నూలులోనే చూశాం. పాడినవాళ్ల పేర్లు ఆఖర్న వేశారు. అవి మొదలయ్యాయో లేదో, హాలువాడు లైట్లు వేసి బొమ్మ ఆపేశాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆపరేటర్ గదికి పోయి నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. వచ్చేసరికి రూతమ్మ ఇంకా సీట్లోనే ఉంది, ముసిముసిగా నవ్వుకుంటోంది. పక్క సీట్లో కూర్చుని సినిమా చూసిన ఒక పెద్దామె కళ్లు తుడుచుకుంటూ, పాట చివర్లో పాడిన అవ్వది ఏ ఊరని అడిగి వెళ్లిందట.

"నేనే అని చెప్పొచ్చు గదమ్మా!" అని మళ్లీ అరిచాను.

"చెప్తినన్నా," అంది. "ఆయమ్మ నమ్మల్యా."